చూసే హక్కు

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట దీవికి వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. చలికాలంలో దానికి రెండు పక్కలా లోతులేని నీళ్లలో రాజహంసలు తలలు వంచి, ముక్కులతో నీటిని వడగట్టుకుంటూ మేస్తుంటాయి. చందాపుర నుంచి సంక్రాంతి సెలవులకు అటు వెళ్లే మనబోటివాళ్లం కారు ఆపి, బురదలోకి దిగి దగ్గరగా నడుస్తాం. గుంపంతా లేచిపోతుంది. ఫొటో బాగానే వస్తుంది గాని, ఆ పక్షులకు మేత చెడిపోతుంది.

మనం వాటిని కొట్టలేదు, పట్టలేదు. చూడటం కూడా తప్పేనా?

శ్రీహరికోట ఇసుక తీరానికి జనాన్ని రానివ్వరు. 1971లో తొలి రాకెట్ ఎగిరిన ఆ దీవిలో, రాకెట్ల కోసం పెట్టిన కాపలా అడవికీ పక్షులకూ కలిసివచ్చింది. అయితే ఆ దీవినే నమ్ముకున్న యానాదులు అదే కేంద్రం కోసం చోటు వదలవలసి వచ్చింది. కనుక గేటు వేయడమే ధర్మమని నేననలేను.

దగ్గరలోనే నేలపట్టు ఉంది. అక్కడి చెరువు చెట్లమీద గూడబాతులు గూళ్లు కడతాయి. రెట్ట కలిసిన నీరు పైరుకు బలమని రైతులకు తెలుసు. 1976లో ప్రభుత్వం అభయారణ్యమని ప్రకటించక ముందునుంచీ ఊరు వాటిని సాకింది.

రైతు పక్షికి చోటిచ్చి ఎరువు తీసుకుంటాడు. చూడవచ్చిన మనం తీసుకోవడమేగాని ఇచ్చేదేముంది? దూరం ఒక్కటే ఇవ్వగలం. రోడ్డు దిగకుండా చూసినా రాజహంస కనిపిస్తుంది. మనం వచ్చి వెళ్లిన సంగతి దానికి తెలియకపోతే, మర్యాదగా చూసినట్టే.