తప్పు కింద ఇచ్చిన పొట్టేలు

డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పిన రోజుల్లో ఏటా గారెట్ హార్డిన్ పాఠం వచ్చేది. 1968లో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసంతో ఆయన ఉమ్మడి మేత బీడుకు జాతకం చెప్పేశాడు. ప్రతి కాపరీ ఇంకొక్క పశువును తోలుకొస్తాడు. లాభం తనది, నష్టం అందరిదీ. చివరికి బీడే మిగలదు. లెక్క తప్పనలేం. కానీ ఆ లెక్కలోని కాపరి పక్క కాపరితో నోరు విప్పడు. మా కురుమోళ్ళలో అలాంటి మనిషిని నేనెరుగను.

మా బాపుది, ఇంకో మూడిళ్ళదీ కలిపి ఒకటే మంద. వంతుల మీద తోలేవాళ్ళు. చెవి కోతను బట్టి ఏ జీవం ఎవరిదో చీకట్లో తడిమి చెప్పేవాడు బాపు. ఒకరికి జ్వరమొస్తే వాళ్ళ గొర్లను మిగతావాళ్ళు మేపాలి. తోడేలు భయానికి మంద దగ్గర రాత్రంతా మేలుకోవడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మా ఊరుమ్మడి మేత బీడైన బంచరాయిలో చెరువు వైపు ముక్కను ఎండలు ముదిరేదాకా ముట్టకూడదని కట్టడి. దానికి కంచె లేదు, కాగితం లేదు. స్విట్జర్లాండ్‌లోని టోర్బెల్ అనే కొండ ఊరివాళ్ళయితే 1517లోనే రాసిపెట్టుకున్నారు: చలికాలమంతా ఎన్ని ఆవులను సాకగలరో అన్నిటినే కొండమేతకు తోలాలని. ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ఇలాంటి ఊళ్ళ మీదే పుస్తకం రాసింది, 2009లో నోబెల్ అందుకుంది. హార్డిన్ కూడా తర్వాత, తన మాట అదుపు లేని ఉమ్మడికే వర్తిస్తుందని సర్దుకున్నాడు.

నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. పక్కవాడితో అవసరం ఉంది కాబట్టి హద్దులో ఉంటే అది ధర్మమేనా? ఈశావాస్యం మొదటి మంత్రం జగత్తంతా ఈశ్వరుడిదే, ఆశపడకుండా అనుభవించమంటుంది. బైబిల్ ఆదికాండంలో అబ్రాము కాపరులు, లోతు కాపరులు కొట్లాడుకుంటే, ఏ వైపు కావాలో నువ్వే ఎంచుకో అని అబ్రాము వదిలేస్తాడు. రెండూ పెద్ద మనసున్నవాళ్ళ దారులు. అది లేనివాడి సంగతేమిటి?

మా ఇంట్లోనే ఉన్నాడు, చిన్నాయన. ఒక మాఘమాసం తెల్లవారేసరికి ఆపిపెట్టిన ముక్కలో పచ్చి పెంటికలు కనిపించాయి. కులపెద్దలు కూర్చుని, మా కులదేవుడు బీరప్ప బండారి, అంటే గుడి పసుపు, ముట్టి చెప్పమన్నారు. చిన్నాయన ముట్టలేదు, ఒప్పేసుకున్నాడు. తప్పు కింద ఒక పొట్టేలు. గుడి ముందే కోశారు, వండారు. చిన్నాయన అందరితో పాటు బంతిలో కూర్చున్నాడు. పెంటికలు చూసి పెద్దలకు చెప్పినాయనే ఆయన విస్తట్లో కూర వడ్డించాడు. ఆ బంతిలో ఆడవాళ్ళు మాత్రం లేరు, జబ్బు గొర్లకు మందు పోసేది వాళ్ళే అయినా.

చదువుకున్నవాళ్ళు దీన్ని దేవుడి భయం అంటారు. భయమే అయితే చిన్నాయన ఆ రాత్రి తోలేవాడే కాదు. బీరప్ప చేసిన పని ఇంకొకటి. ఆ పొట్టేలు చెప్పినవాడి ఇంటికి పోతే పగ మిగిలేది. దేవుడికి పోయింది కాబట్టి ఎవడూ గెలవలేదు, చిన్నాయన ఏ మనిషి ముందూ ఓడలేదు. మర్నాడు తన వంతుకు మంద తోలుకుపోయాడు. అవసరం కొద్దీ చేసింది నీతి కాదని కాంట్ అంటే అననీ. మహాత్ములుంటేనే నడిచే ధర్మంతో మా బంచరాయి ఒక్క ఎండాకాలం కూడా గట్టెక్కేది కాదు.

2017లో తెలంగాణలో గొర్రెల పంపిణీ మొదలైంది. ఒక్కో యూనిట్‌కు ఇరవై గొర్లు, ఒక పొట్టేలు, 75 శాతం సబ్సిడీ. హార్డిన్ చెప్పిన ఇంకొక్క పశువు ఇరవై ఒకటై దిగింది. బంచరాయి పెరగలేదు సరికదా, మా ఊళ్ళో సగం ప్లాట్ల రాళ్ళ కిందికి పోయింది. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీసేయించమని సుప్రీంకోర్టు 2011లోనే, జగ్‌పాల్ సింగ్ కేసులో, రాష్ట్రాలన్నిటికీ చెప్పింది.

మొన్న బీరప్ప గుడికి ప్రహరీ కడతామని చందాకు వచ్చారు. ఇచ్చాను. అందులోంచే సర్వేయరు ఫీజు కట్టి ముందు బంచరాయి కొలిపిద్దామన్నాను. దేవుడి పైసలు భూమి కొలతకు ఎట్లా వాడతామని వాళ్ళు. బీరప్పకు అంతకన్నా పనేముందని నేను. ప్రహరీకి ఇంకా ముగ్గు పోయలేదు.