నత్తి అనే మాట

చింతూరులో నేను పాఠం చెప్పే పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడి, బడికొచ్చి తెలుగు చదువుతారు. ఎవడి మాట తడబడినా తెలుగు రాకనే అని తేల్చేస్తారు పెద్దలు. తెలుగు రానివాడు మాట కోసం వెతుక్కుంటాడు. నత్తి ఉన్నవాడికి మాట తెలుసు, బయటికి రాదు, అంతే.

మా మూడో తరగతి పిల్లాడొకడు హాజరు వేళ ‘ప్రెజెంట్’ అనబోయి ‘ప్ర’ దగ్గరే ఆగిపోయేవాడు. పెదాలు బిగుసుకునేవి, చెయ్యి తొడ మీద కొట్టుకునేది. నాయనమ్మ ముత్యాలమ్మకు కోడిని మొక్కుకుంది. ఆ ప్రేమను నేను తక్కువ చెయ్యను. కానీ ఎవరి పాపమో తగిలిందని వాడి ముందే అంటుంది. మిగతావాళ్ళు వాడి ముందు ఆ ఊసే ఎత్తరు. నాకు రెండూ ఒకటే. నీలో చెప్పుకోకూడనిదేదో ఉందని రెండూ వాడికి నేర్పుతాయి.

ఒకప్పుడు శాస్త్రం కూడా మౌనాన్నే బోధించింది. పెద్దలు నత్తి అని పేరు పెట్టడం వల్లే పిల్లలకు అది స్థిరపడుతుందన్నాడు అయోవా విశ్వవిద్యాలయంలోని వెండెల్ జాన్సన్. ఆయనకూ నత్తి ఉండేది. 1939లో ఆయన పర్యవేక్షణలో 22 మంది అనాథ పిల్లల మీద ప్రయోగం జరిగింది. వాళ్ళలో కొందరిని, సరిగ్గా మాట్లాడలేకపోతే నోరే తెరవొద్దని హెచ్చరించారు. పిల్లలు ముడుచుకుపోయారు. 2001లో విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. ఆ పిల్లలను గాయపరిచింది పేరు కాదు, ఆ బెదిరింపు.

నేను చర్చికి వెళ్ళే మనిషిని. నిర్గమకాండం 4వ అధ్యాయంలో మోషే తన నోరు తిరగదని దేవుడికే చెప్పుకుంటాడు. అది నత్తేనా అన్నదాని మీద పండితుల్లో వాదాలున్నాయి. దేవుడు ‘అదేం లేదులే’ అని బుజ్జగించడు. ఎవరి పాపమని అడగడు. ఆ నోరు ఇచ్చింది తానేనంటాడు, అన్న అహరోనును తోడిస్తాడు. నాలుక బాగుచేసినట్టు ఎక్కడా లేదు. అయినా ద్వితీయోపదేశకాండం చాలామటుకు ఆ మోషే ప్రసంగమే.

ఇంటర్వెల్‌లో పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకున్నాను. “మాట ఇరుక్కుంటోంది కదరా?”

“నా... నాకొక్కడికేనా మేడం?”

“దాన్ని నత్తి అంటారు. పెద్దవాళ్ళలోనూ నూటికి దాదాపు ఒకరికి ఉంటుంది. నీ తప్పేం లేదు. ఎంతసేపైనా తీసుకో, నేను వింటాను.”

క్లాసులో చెప్పనా అంటే వద్దన్నాడు. చెప్పలేదు. అది వాడి ఇష్టం.

సంతలో నాయనమ్మ కనబడితే, “మొక్కు తీర్చుకో అవ్వా, పాపం మాట మాత్రం వాడి చెవిన వెయ్యకు” అన్నాను. ఇది చాలాసార్లు వంశంలో వస్తుందని చెబితే కాసేపు ఆలోచించింది. వీడి తాతకుండేదట. రేల పాటలు పాడేటప్పుడు మాత్రం ఒక్క ముక్కా ఆగేది కాదట. ఆ సంగతి పిల్లాడికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆదివారం తానే చెబుతానంది.