సభలో స్థిమితం

అష్టావధానంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది అవధాని స్థిమితం. చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిది మంది పృచ్ఛకులు. ఒకరు పద్యంగా పూరించమని సమస్య ఇస్తారు, ఇంకొకరు పద్యంలో ఇమడ్చమని కొన్ని పదాలు, అదే దత్తపది. గంట మోగినప్పుడల్లా దెబ్బలు లెక్కపెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి కొంటె ప్రశ్నలతో ధ్యాస మళ్లించబోతాడు. ఆయనకు నవ్వుతూ జవాబు చెప్పి, అవధాని మళ్లీ పద్యంలోకి వెళ్లిపోతాడు.

నిషిద్ధాక్షరి మరీ గమనించదగ్గది. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అనుకున్న మాట అక్కడితో ఆగిపోతుంది. అవధాని కాసేపు ఆగి, చెప్పిన అక్షరాలు కలిసొచ్చేలా మరో మాట వెతుక్కుంటాడు. సభ తన గురించి ఏమనుకుంటోందని ఆలోచించే తీరిక ఆయనకు ఉండదు. ధ్యాసంతా ఎదుటివాడు వద్దన్న అక్షరం మీదే.

మన సభాభయానికి మందు ఇక్కడే ఉందని నా నమ్మకం. పదవీ విరమణ సభలోనో, సంతాప సభలోనో మైకు చేతికి రాగానే నాలుక పిడచగట్టుకుపోతుంది. గొంతు వణుకుతోందేమో, నవ్వుతారేమో అని మనల్ని మనమే చూసుకుంటూ ఉంటాం. ఆ చూపు ముందు వరసలో కూర్చున్నవాళ్ల మీదికి మళ్లితే సగం బెరుకు తగ్గుతుంది. వీళ్లు ఏం వినాలని వచ్చారు? వీళ్లకు పనికొచ్చేది నా దగ్గర ఏముంది? ప్రసంగానికి తయారీ ఈ రెండు ప్రశ్నలతో మొదలుకావాలి.

తయారీ లేని ధైర్యం ఎంతోసేపు నిలవదు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి అవధానాలతో సభలను ఉర్రూతలూగించారంటే, దాని వెనక చర్ల బ్రహ్మయ్యశాస్త్రి గారి దగ్గర చేసిన శాస్త్రాధ్యయనం ఉంది. మనకు అంత పాండిత్యం అక్కరలేదు. చెప్పదలచినది ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఇంట్లోవాళ్లకు పైకి చెప్పి చూడాలి. వాళ్ల కనుబొమలు ముడిపడ్డ చోట సరిచేసుకోవాలి. మొదటి వాక్యం, చివరి వాక్యం నోటికి వచ్చి ఉండాలి. మధ్యలో మాట తట్టకపోతే ఆగి ఊపిరి తీసుకోవచ్చు. ఆ కాస్త మౌనం మనకు యుగంలా అనిపిస్తుంది గానీ, వినేవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి అది.

బెరుకు పూర్తిగా పోకపోయినా ఫరవాలేదు. తమ మేలు కోరి మాట్లాడే మనిషిని సభ ఇట్టే పోల్చుకుంటుంది, తడబాటును మన్నిస్తుంది. నలుగురికీ అవసరమైన విషయం మీకు బాగా తెలిసి ఉంటే, ఈసారి మైకు అందించినప్పుడు వద్దనకండి.