చంద్రకాంతంలో వెలుగు ఎవరిది?

చంద్రకాంతాన్ని దీపం కింద పట్టి మెల్లగా తిప్పితే లోపల ఓ నీలివెలుగు పాకుతుంది. కాస్త వంచితే మాయమై, ఇంకాస్త తిప్పితే మరోచోట తేలుతుంది. ఫెల్‌స్పార్ జాతికి చెందిన ఈ రాయి శ్రీలంకలోని మీటియాగొడ గనుల నుంచి వచ్చిందైతే ఆ నీలిమకు నగల వ్యాపారంలో ప్రత్యేక గౌరవం.

ఇంతకీ ఆ వెలుగు రాయిదా, దీపానిదా, చూసే కంటిదా?

శిల నెమ్మదిగా చల్లారేటప్పుడు, అందాకా కలిసివున్న రెండు ఫెల్‌స్పార్లు, పొటాషియం ఎక్కువున్నదీ సోడియం ఎక్కువున్నదీ, విడివడి పొరలు పొరలుగా అమరుతాయి. పొరలు బాగా పలచనైతే వాటి మీద చెదిరిన కాంతి నీలంగా, మందమైతే తెల్లగా కనబడుతుంది. రాయిని పొడిచేసి వెతికినా నీలిరంగు పదార్థం దొరకదు. సానపట్టేవారికి ఇది బాగా తెలుసు. వజ్రానికిలా పలకలు తీర్చకుండా పైభాగాన్ని గుమ్మటంలా నునుపు చేస్తారు. పొరల వాలు గమనించకుండా కోస్తే తళుకు ఓ పక్కకు ఒదిగిపోతుంది, ధర పడిపోతుంది.

సాతవాహన రాజుకు మిత్రుడని బౌద్ధ సంప్రదాయం చెప్పే తాత్వికుడు నాగార్జునుడు మూలమధ్యమకకారిక అనే గ్రంథంలో తేల్చిన విషయం ఇక్కడ కళ్లెదుటే ఉంది. ఇతరాల మీద ఆధారపడి పుట్టినదానికి తనదంటూ విడి స్వభావం ఉండదంటాడాయన, ఆ లేమికే శూన్యత అని పేరు. అన్నీ శూన్యమైతే బుద్ధుడు చెప్పిన ఆర్యసత్యాలూ లేనట్టే కదా అన్న ఆక్షేపణకు 24వ ప్రకరణంలో జవాబిచ్చాడు: ఆధారపడి పుట్టడాన్నే శూన్యత అంటున్నాం, వస్తువులకు మారని స్వభావమే ఉంటే దుఃఖం పుట్టదు, పోదు. చంద్రకాంతపు తళుకూ అంతే. అది భ్రమ కాదు, ఫొటోకూ చిక్కుతుంది. పొరలు, కాంతి, చూసే కోణం, వీటిలో ఏ ఒక్కటి తప్పినా ఉండదు. వెన్నెల సోకితేనే చంద్రకాంతం ద్రవిస్తుందని వర్ణించిన సంస్కృత కవులు రాయి నీరవుతుందనడంలో పొరబడ్డా, చంద్రుడు లేనిదే దాని మహిమ లేదని గుర్తించారు.

జ్యోతిషులు దీన్ని ముత్యానికి ఉపరత్నంగా చెబుతారు. మనశ్శాంతి రాయిలోనే నిండివుందని నమ్మి కొనేవారు ఎందరో. తళుకునైనా ఒంటరిగా పుట్టించలేని రాయికి అంత శక్తి అంటగట్టడం సబబు కాదు. దాని అందం మాత్రం నిజం, ఆ అందం కోసమే కొనండి. కొనేముందు వెలుతురులో తిప్పి చూడండి. ‘రెయిన్‌బో మూన్‌స్టోన్’ పేరిట అమ్మేది చాలావరకు లాబ్రడొరైట్ అనే మరో ఫెల్‌స్పార్. మోస్ కొలమానంలో చంద్రకాంతం కాఠిన్యం 6 నుంచి 6.5, పైగా దెబ్బ తగిలితే రెండు దిశల్లో చీలుతుంది. రోజూ పెట్టుకునే ఉంగరానికన్నా లాకెట్టుకో, చెవి లోలాకులకో పొదిగించుకోవడం మేలు.