పెంపుడు కుక్క అస్థికలు ఇంట్లో ఉంచుకోవచ్చా?

ఈ వారం ప్రశ్న చాలామంది ఇళ్లల్లో మెల్లగా, కొంచెం మొహమాటంగా అడుగుతున్నదే. పెంచుకున్న కుక్క చనిపోతే దహనం చేయించి, అస్థికలను కలశంలో దాచుకోవడం మన ధర్మానికి సరిపోతుందా? లేక ఇది బయటి దేశాల నుంచి వచ్చిన ఫ్యాషన్ మాత్రమేనా?

నాకిది ఊరికే పుట్టిన సందేహం కాదు. మాది భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి. అక్కడి వీధికుక్క పిల్లనే హైదరాబాద్ ఫ్లాట్‌కి తెచ్చుకుని చిట్టి అని పేరు పెట్టుకున్నాను. ఆరేళ్లు నాతో ఉంది. కిడ్నీలు పాడై పోయింది. దహనం చేయించి ఇత్తడి చెంబులో అస్థికలు తెచ్చుకున్నానని చెబితే అమ్మ అన్నది: "మనిషి బొక్కలే ఇంట్ల పెట్టుకోం, కుక్కయి పెట్టుకుంటవా బిడ్డా? ఊరికి తెస్తే బాయి కాడ వేపచెట్టు కింద పెడుదుము గదా."

ఇందులో రెండు అభ్యంతరాలున్నాయి. మా ఆఫీసులో అయితే రెండు బగ్‌లు ఒకే టికెట్‌లో రాశావేంటి అంటారు. విడదీసి చూద్దాం.

మొదటిది: పూడ్చాలి గానీ కాల్చడమేంటి? పూడ్చడం తక్కువేం కాదు. మా దగ్గర దున్నిన ఎద్దు చనిపోతే చేనులోనే పూడుస్తారు. సన్యాసులకూ పసిపిల్లలకూ మన సంప్రదాయంలో ఖననమే. కానీ నాలుగో అంతస్తులో ఉండేవాడికి చేను ఎక్కడిది? చెరువు గట్టున వదిలేసి రావడం కంటే దహనం వెయ్యి రెట్లు గౌరవం. ఇప్పుడు ఫతుల్లగూడలో జీహెచ్ఎంసీ జంతువుల దహనవాటిక కూడా ఉంది.

మనిషి కాని ప్రాణికి అగ్నిసంస్కారమా అని అడిగేవాళ్లకు అరణ్యకాండ చాలు. సీతమ్మ కోసం పోరాడి రెక్కలు తెగి పడిపోయిన జటాయువుకు రాముడే స్వయంగా చితి పేర్చాడు. తర్వాత అన్నదమ్ములిద్దరూ నదికి వెళ్లి ఆ పక్షికి జలతర్పణం ఇచ్చారు. ఏ నది అనుకున్నారు? మన గోదావరే. జటాయువు దశరథుడి స్నేహితుడు, మాట్లాడే పక్షిరాజు, వీధికుక్కతో పోలికేంటి అనొచ్చు. నిజమే, రెండూ ఒకటి కావు. కాబట్టి దానికి మంత్రాలు చదివించలేదు, పదకొండో రోజు పెట్టలేదు. రుణపడిన ప్రాణి శరీరాన్ని మర్యాదగా సాగనంపడం వరకే నేను ఆ కథ నుంచి తీసుకున్నాను.

చేయించుకునేవాళ్లకు ఒక మాట. విడిగా దహనం చేస్తారా, కొన్నింటిని కలిపి చేస్తారా అని ముందే అడగండి. కలిపి చేస్తే మీ చేతికొచ్చేది మీ కుక్కది మాత్రమే కాదు. పదిహేను కిలోల కుక్కకు అర లీటరు కంటే కొంచెం పెద్ద చెంబు కావాలి.

రెండో అభ్యంతరం బరువైనది. అస్థికలను మనం దాచుకోం, నీళ్లలో కలుపుతాం. కలపడం ఆలస్యమైతే గడప దాటించకుండా చెట్టుకు కడతారు. పోయినవాళ్లను పోనివ్వాలనే కదా. పైగా భాగవతం పంచమ స్కంధంలో భరతుడి కథ ఉంది. (తెలుగులో ఈ స్కంధం మన బమ్మెర పోతన గారిది కాదు, గంగన రాసింది.) రాజ్యాన్నే వదిలేసినవాడు ఒక జింకపిల్లను వదల్లేక, చివరి క్షణంలో దాన్నే తలచుకుని జింకగా పుట్టాడు. జింకను కాపాడటం తప్పని కథ చెప్పదు. కాపాడాక అతని మనసంతా అదే అయిపోయింది, అదీ సమస్య.

దీనికి ఎదురుగా ధర్మరాజు, కుక్క కథ చెప్తారు. కుక్క రాకపోతే స్వర్గమే వద్దన్నాడని అందరికీ తెలుసు. ఇంద్రుడి ఎదురుప్రశ్న మాత్రం తక్కువమంది చెప్తారు: ద్రౌపదినీ తమ్ముళ్లనూ దారిలో వదిలి వచ్చినవాడివి, కుక్కను వదలలేవా? ధర్మరాజు జవాబు ఏంటంటే, వాళ్లు చనిపోయాకే వదిలాను, బతికుండగా కాదు, చనిపోయినవాళ్లను నేను లేపలేను. అంటే కుక్క ప్రేమికులంతా చెప్పుకునే ఈ కథ కలశానికి సాక్ష్యం కాదు. నన్ను నమ్ముకుని పక్కన నడుస్తున్న ప్రాణిని వదలొద్దు అన్నదే దాని భారం.

ఈ లెక్కన చూస్తే చిట్టికి నేను చేసిన అసలు పని దహనం కాదు. చివరి రెండు నెలలు ఆఫీసు మీటింగుల మధ్య సెలైన్ పెట్టించడం. కలశం నా కోసం. అలా ఒప్పుకుంటే అందులో పాపం నాకు కనిపించదు, కొన్నాళ్లు దుఃఖానికి చేతితో పట్టుకునేది ఒకటి కావాలి. పూజగదిలో మాత్రం పెట్టకండి, అది దేవుడి చోటు. వేలకు వేలు పోసి పాలరాయి కలశం కొని, అపార్ట్‌మెంట్ గేటు దగ్గరి కుక్కను సెక్యూరిటీతో తరిమించడం నాకైతే అస్సలు అర్థం కాదు.

మా చెంబు ప్రస్తుతం బాల్కనీలో ఉంది. కార్తీకంలో కాళేశ్వరం తీసుకెళ్తున్నాను. అక్కడ ఒకే పానవట్టం మీద యముడి లింగమూ శివుడి లింగమూ పక్కపక్కన ఉంటాయి, ఎదురుగా ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. బూడిద నీళ్లలో కలిపి, చెంబు కడిగి వెనక్కి తెచ్చుకుంటాను. గేటు దగ్గరి కుక్కలకు నీళ్లు పెట్టడానికి పనికొస్తుంది.