ముందు మన ఊరు వెతుకు

ఒరేయ్ బాబూ,

స్నేహితులతో కలిసి బళ్ల మీద అరకు దాటి, కొరాపుట్ మీదుగా జగ్దల్‌పూర్ వెళ్లి, చిత్రకోట్ జలపాతం చూసొస్తామని మీ అమ్మతో అన్నావట. వెళ్లిరా. ఈ వయసులో కాకపోతే ఇంకెప్పుడు తిరుగుతావు! వద్దనడానికి రాయడం లేదు. బయల్దేరే ముందు అచ్చయిన పటం ఒకటి కొనుక్కోమని చెప్పడానికి రాస్తున్నాను. ఏది దొరికితే అది కాదు, ఎంచి కొనాలి. ఏళ్ల తరబడి సర్వే గొలుసు లాగినవాణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను.

కొట్లో పటం విప్పగానే జగ్దల్‌పూర్ కోసం చూడకు. ముందు మన కె.కోటపాడు వెతుకు. చోడవరం ఎటుందో, దేవరాపల్లి ఎటుందో, సబ్బవరం రోడ్డు ఎక్కడ చీలుతుందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. రైవాడ జలాశయం, శారద నది నువ్వు చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. వీటిని ఆ పటం ఉన్నచోట ఉన్నట్టు చూపించిందా? మన ఊరు చిన్నది, వేయకపోయినా తప్పులేదు. వేసినవి మాత్రం సరిగ్గా ఉండాలి. నీకు తెలిసిన నేల మీదే తప్పు చెప్పిన పటం, తెలియని నేల మీద నిజం చెబుతుందని ఎలా నమ్ముతావు? పటాలకి పరీక్ష పెట్టడానికి ఇంతకు మించిన పద్ధతి నాకు తెలీదు. దీనికి సర్వేయర్ చదువు కూడా అక్కర్లేదు.

వెనకపేజీలో ఊళ్ల పట్టిక ఉంటే అదీ చూడు. కోటపాడు పేరుతో రాష్ట్రంలో వేరే ఊళ్లూ ఉన్నాయి, చోడవరాలూ ఒకటి కాదు. ఏది ఎక్కడిదో గడి నంబరు వేసి విడదీసి చెప్పాడంటే ఆ పటం చేసినవాడు శ్రద్ధగలవాడన్నమాట.

తరవాత మనల్ని ఏ జిల్లాలో వేశాడో చూడు. 2022 ఏప్రిల్ 4న మన మండలం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. అనంతగిరి, అరకు ఆ రోజే అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్లాయి. మా ముసలాళ్లం ఇప్పటికీ విశాఖ జిల్లా అనే అంటాం, మాకు చెల్లుతుంది. పటానికి చెల్లదు. రోడ్డు నంబర్లు కూడా పటం వయసు చెప్పేస్తాయి. జాతీయ రహదారులకి 2010లో నంబర్లు మార్చారు. మనకి తెలిసిన మద్రాసు-కలకత్తా రోడ్డు 5 పోయి 16 అయింది. విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్లేది 43 పోయి 26 అయింది. మీరు తిరిగొచ్చేది ఆ దారినే. రోడ్డు పక్క బోర్డు 26 అంటుంటే చేతిలో కాగితం 43 అంటే, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి ఎవరి మాట వింటావు? ఇక జగ్దల్‌పూర్ ఉన్న బస్తరు మధ్యప్రదేశ్‌లో ఉందని చూపించే పటమైతే అది 2000 నవంబర్ 1 కంటే ముందుది. చవగ్గా వస్తే కొని గోడకి అంటించుకో, ప్రయాణానికి మాత్రం వద్దు.

అట్ట మీద వేసిన సంవత్సరం చూసి మోసపోకు. అది అచ్చు వేసిన ఏడు. సర్వే ఎప్పుడు చేశారో అంచున చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకునైనా అది చదవాలి. కొండలూ లోయలూ ఎక్కడికీ పోవు గనక నలభై ఏళ్ల నాటి సర్వే కొండలకి పనికొస్తుంది. రోడ్లకి పనికిరాదు.

ఇప్పుడు స్కేలు సంగతి. కుర్రాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. నంబరు పెద్దదైతే పటంలో వివరం ఎక్కువ అనుకుంటారు. ఉన్నది సరిగ్గా దానికి ఎదురు. 1:10,00,000 అంటే ఒక సెంటీమీటరుకి 10 కిలోమీటర్లు. మొత్తం ప్రయాణాన్ని ఒక్కచూపులో చూసుకోవడానికి అది బాగుంటుంది. 1:2,50,000 అయితే సెంటీమీటరుకి రెండున్నర కిలోమీటర్లు. ఘాట్ రోడ్డు ఎక్కేవాడికి అదే నప్పుతుంది. 1:50,000 అంటే కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లు, అది కాలినడకన కొండలెక్కేవాడిది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల ఆ టోపో షీటు ఒక్కోటి సుమారు 27 కిలోమీటర్ల చదరం నేలనే పట్టుకుంటుంది. పైగా 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మనకీ చోడవరానికీ మధ్యనుంచి పోతుంది. దాంతో పాత లెక్కలో చోడవరం 65 కె షీట్లలో పడింది, మనం 65 ఓ షీట్లలో పడ్డాం. చోడవరం వెళ్లొచ్చేవాడికే రెండు షీట్లు కావాలి, జగ్దల్‌పూర్ దాకా అంటే బండికి అవే ఒక బరువు!

ఒక్క టోపో షీటు మాత్రం, అరకు చుట్టుపక్కలది, సరదాకైనా చూడు. గోధుమరంగు గీతలు ఎత్తుని చెబుతాయి. సాధారణంగా గీతకీ గీతకీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నచోట బండి మొదటి గేరులో మూలుగుతుంది. నీలం రంగుంటే నీళ్లున్నట్టు. ఏరుని నల్లగీతలతో గీస్తే అది ఎండిపోయే ఏరు. ఈ షీట్లు ఇప్పుడు ఆ సంస్థ వెబ్‌సైటులోనే పేరు నమోదు చేసుకుని దించుకోవచ్చు. మా రోజుల్లో తీరప్రాంతం షీటు చేతికి రావాలంటే కాగితాల మీద కాగితాలు పెట్టాల్సి వచ్చేది. దించుకున్నదాన్ని అచ్చు తీయించేటప్పుడు షాపువాడు కాగితానికి సరిపోయేలా కుదించేస్తాడు, జాగ్రత్త. అప్పుడు 1:50,000 అన్న అంకె అబద్ధమైపోతుంది. కింద గీసిన కొలబద్ద గీత పటంతోపాటే కుంచించుకుపోతుంది గనక దాన్నొక్కదాన్నే నమ్ము.

దూరం కొలవడానికి రోడ్డు వెంట దారం పరిచి చూడమని మాకు నేర్పేవారు. మైదానంలో అది పనిచేస్తుంది. అనంతగిరి ఘాట్‌లో పనిచేయదు. చిన్న స్కేలు పటం గీసేవాడు పది మలుపుల్ని ఒక వంకరలో కలిపేస్తాడు. అందుకే ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్ల అంకె అచ్చువేసిన రోడ్డు పటమే కొను.

మీ దారికి ఇంకో చిక్కుంది. మన రాష్ట్ర పటాలు చాలావాటిలో సరిహద్దు దాటగానే తెల్ల కాగితమే. శృంగవరపుకోట, అరకు దాకా రంగులమయం, ఆ తరవాత పాడువా, నందపూర్, కొరాపుట్ ఈ భూమ్మీద లేనట్టే ఉంటుంది. కాబట్టి ఆంధ్రా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మూడూ కలిసే భాగాన్ని చూపించే పటం కావాలి. రైలు మార్గం స్పష్టంగా ఉన్నది చూసి తీసుకో. కొత్తవలసలో మొదలైన కిరండూల్ లైను అరకు, కొరాపుట్, జగ్దల్‌పూర్ మీదుగానే పోతుంది. దారి తప్పామనిపిస్తే దగ్గర్లో ఏ స్టేషనుందో అడిగితే చాలు, ఎక్కడున్నారో తెలుస్తుంది. భాష అంటావా, నాకు తెలుగు అక్షరాల పటమే ఇష్టం. కానీ అటు వెళ్లాక బోర్డులు ఒడియా, ఇంగ్లీషు, హిందీల్లో ఉంటాయి. ఇంగ్లీషు పేర్లున్నదే తీసుకో.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు తాతా అంటావు. ఫోన్ వద్దనను. ముందే పటాలు దించి పెట్టుకుంటే సిగ్నల్ లేని లోయలో కూడా పనిచేస్తుందని నాకూ తెలుసు. అయితే అది ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అంటుందేగానీ, ఆ కొండ వెనక ఏ ఊరుందో తనంతట తాను చెప్పదు. నలుగురు ఒక టీకొట్టు బల్ల మీద పరుచుకుని, ఇటు పోదామా అటు పోదామా అని దెబ్బలాడుకోవడానికి కాగితమే కావాలి. ప్రయాణంలో సగం సరదా ఆ దెబ్బలాటలోనే ఉంది.

కొన్నాక పెన్సిలుతో దాని మీద రాస్తూ ఉండు. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, తిరుగుదారిలో మన విశాఖపట్నం మీదుగా 1831 సెప్టెంబర్లో ఇల్లు చేరారు. ఆయన మజిలీ మజిలీకీ రాసుకున్నవి చూస్తే దారి ఎలా ఉంది, నీళ్లున్నాయా, దిగడానికి చోటుందా, సరుకులు దొరుకుతాయా, అన్నీ ఉంటాయి. ఇవేవీ అచ్చు పటం చెప్పదు. పెట్రోలు ఎక్కడ దొరికింది, పంచరు ఎక్కడ వేశారు, ఏ వంతెన దగ్గర రోడ్డు పోయింది, ఇవన్నీ నువ్వే ఎక్కించుకోవాలి.

మడతల దగ్గర చిరిగిపోయే కాగితం వద్దు. మడిచి విప్పి రెండుసార్లు చూసి కొను. డబ్బులు అమ్మనడక్కు, నేనిస్తాను. రెండు కొని ఒకటి నా దగ్గర వదిలి వెళ్లు. రోజూ పొద్దుగూకే వేళకి ఏ ఊళ్లో దిగారో ఫోన్ చేసి చెబితే నేనిక్కడ గుర్తు పెట్టుకుంటాను. మీ అమ్మ అడిగినప్పుడు చూపించడానికి నాకూ ఒకటి ఉండాలి కదా.