గాయపడినవాడు గాయము కట్టగలడా?

పడినవానికే బాధ తెలియునని మన సంఘములలో తరచుగా అనుకొందుము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లియొద్దకు అట్టి దుఃఖము ఎరిగిన తల్లినే పంపుదుము. త్రాగుడు విడువలేనివానియొద్దకు విడిచినవానిని పంపుదుము. ఈ అలవాటులో నిజమెంత? చెదిరిన మనస్సులను మాటలతో బాగుచేయు పనిలోనున్న కౌన్సిలర్ల విషయములో కూడ ఈ ప్రశ్నయే కలదు. వారు స్వయముగా పడిన శ్రమ వారి పనికి సాయమగునా, అడ్డమగునా?

ఇందుకు ఆంటన్ బాయ్‌సన్ అను అమెరికా దేశపు పాదిరిగారి చరిత్ర చూడదగినది. ఆయన 1876లో జన్మించెను. మొదట అడవుల సంరక్షణకై చదివి, తరువాత దైవసేవకు పిలుపు కలిగినదని వేదాంత విద్య నభ్యసించెను. పల్లెటూళ్లు తిరిగి అచ్చటి సంఘముల స్థితిగతులను విచారించి వ్రాసెను. తాను కోరిన స్త్రీ తన్ను అంగీకరింపలేదు. చేరిన సంఘములలోను పని నిలకడగా సాగలేదు. 1920 అక్టోబరులో తన విశ్వాసమును గూర్చి ఒక ప్రకటన వ్రాయుచుండగా ఆయనకు మతి చలించెను. లోకమునకు గొప్ప ఉపద్రవము రానున్నదని తలంచి కలవరపడెను. ఇంటివారు ఆసుపత్రిలో చేర్చగా, 1922 జనవరి వరకు, అనగా పదునైదు మాసములు, ఆయన మానసిక రోగుల మధ్యనే ఉండెను.

అచ్చట ఆయన ఒక సంగతి కనిపెట్టెను. ఆదివారము ప్రసంగింప వచ్చు బోధకులకు ఆ రోగులెవరో, వారి మనస్సులలో ఏమి జరుగుచున్నదో తెలియదు. ఒక బోధకుడు, కన్ను అభ్యంతరపరచినయెడల పెరికివేయవలెనను ప్రభువు మాటను ప్రసంగవాక్యముగా తీసికొనెను. వినువారిలో ఎవడైన దానిని అక్షరాల చేయునేమోయని బాయ్‌సన్‌గారు భయపడెను! ఆ బోధకునికి దురుద్దేశమేమియు లేదు. తాను ఎవరియెదుట నిలిచియున్నాడో ఎరుగడు, అంతే. మంచమునుండి చూచినవానికి మాత్రము ఆ ప్రమాదము కనబడెను.

1924లో ఆయన వూస్టర్ పట్టణపు మానసిక చికిత్సాలయమునకు గురువుగా నియమింపబడెను. 1925 వేసవిలో నలుగురు వేదాంత విద్యార్థులను అచ్చటికి రప్పించి, రోగులకు పరిచర్య చేయించుచు నేర్పెను. పుస్తకములను చదివినంత శ్రద్ధగా సజీవులైన మనుష్యులను కూడ చదువవలెనని ఆయన పట్టుదల. ఆసుపత్రులలో పాదిరులకిచ్చు శిక్షణ ఈలాగున వ్యాపించెను. మన తెలుగువారు అనేకులు వైద్యమునకు వెళ్లు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలోను ఇట్టి శిక్షణ కలదు.

ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. మతి చలించినవారిని దయ్యము పట్టినదని కట్టివేయుట, ఉపవాసముంచుట తగదు. మానసిక వైద్యునికి చూపవలెను. ప్రార్థన మందుకు అడ్డము కాదు.

అయితే బాయ్‌సన్‌గారి అనుభవములో ఒక ప్రమాదము పొంచియుండెను. ఆయన జబ్బు ఉధృతముగా వచ్చి, తగ్గి, ఆయనకొక పనిని ఇచ్చిపోయెను. గనుక కొన్ని మానసిక వ్యాధులు ఆత్మ తన్ను తాను చక్కబరచుకొనుటకు చేయు పెనుగులాటయని ఆయన నమ్మెను. ఆయనకు తోడ్పడిన డాక్టరు రిచర్డు కేబట్ మాత్రము ఇవి శరీర వ్యాధులేయని వాదించెను. ఎవరి పక్షమున ఎంత సత్యమున్నదని మేము తీర్పు తీర్చబోము. మాకు ముఖ్యముగా తోచునదేమనగా, బాయ్‌సన్‌గారు తన కథతోనే తృప్తిపడక, 173 మంది రోగుల జీవితములను పరిశీలించెను. తన లోపమును దాచుకొని ఇతరులపై నెపము వేయువారు నానాటికి దిగజారుటయు, భయముతోనైనను పెనుగులాడినవారు తరచుగా కోలుకొనుటయు చూచెను. బయలుదేరినది తన గాయమునుండియే. కాని ఆయన అక్కడనే కూర్చుండిపోలేదు.

యోబు స్నేహితుడైన ఎలీఫజును తలంచుకొందము. ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నప్పుడు ఆ స్నేహితులు చేసినది మంచి పనియే. తరువాత ఎలీఫజు నోరు తెరచి, తాను లోకములో చూచినదానిని, రాత్రివేళ తన రోమములు పులకించునట్లు తనకు వినబడిన స్వరమును వివరించెను (యోబు 4వ అధ్యాయము). అతడు అబద్ధికుడు కాడు. అతని అనుభవము నిజమైనదే. ఆ కొలబద్దతో యోబును కొలిచెను, అదే చిక్కు.

మన పలకరింపులలో ఈ చిక్కు ఎంత సహజముగా వచ్చునో చూడుడి. భర్త పోయిన స్త్రీ యింటికి మరియొక విధవరాలు వచ్చును. ఆమె రెండు మాటలు చెప్పకమునుపే, “నాకును ఇట్లే జరిగెనమ్మా” అని మొదలుపెట్టును. ఆసుపత్రి, అప్పులు, బావగారి పొలము తగవు అన్నియు వచ్చును. గంటసేపటికి, ఏడ్వవలసిన ఆమె వచ్చినామెకు మంచినీళ్లిచ్చి ఓదార్చుచుండును. మొదటి ఆమె భర్త మంచివాడా, కొట్టెడివాడా? ఆమె దుఃఖములో కోపము కలిసినదా, కొంత నెమ్మది కూడ కలిసి, అందుకు ఆమె సిగ్గుపడుచున్నదా? ఇవి ఎవరును అడుగలేదు. అదే విధవరాలు తన కథను నోటిలోనే ఆపి, “రాత్రులు నిద్ర పట్టుచున్నదా?” అని అడిగినయెడల, ఆ ప్రశ్న ఆమె పడిన శ్రమనుండియే వచ్చును. శ్రమపడనివానికి ఆ ప్రశ్న అంత త్వరగా తోచదు.

అందుచేతనే ఈ వృత్తివారు కొన్ని కట్టుబాట్లు పెట్టుకొనిరి. ఫ్రాయిడుగారి మార్గమువారు, ఇతరులకు చికిత్స చేయగోరువాడు మొదట తానే రోగి స్థానములో ఉండి తన మనస్సును పరీక్షింపజేసికొనవలెనని 1920ల నాటికే నియమించిరి. పాదిరుల శిక్షణలోనైతే, విద్యార్థి రోగితో జరిగిన సంభాషణను జ్ఞాపకమున్నంతవరకు మాటకు మాటగా వ్రాసి, గురువుయెదుట, తోటివారియెదుట చదువును. ఎచ్చట రోగి మాటను త్రుంచి తన సంగతి దూర్చెనో వారు చూపుదురు. మన సంఘపెద్దలకు, బైబిలు స్త్రీలకు ఇట్టి సహాయము ఎవరు చేయుచున్నారు?

మరి ఏ దుఃఖము నెరుగని పడుచు పాదిరి విధవరాలియొద్దకు పోరాదా? పోవచ్చును. బాయ్‌సన్‌గారి విద్యార్థులు నేర్వగలిగినది మతి చలించి కాదు గదా! తనకు తెలియదని ఎరిగినవాడు శ్రద్ధగా వినును. అది కొన్నిసార్లు అనుభవశాలికంటె అతనికే సులభము.

గాయము పూర్తిగా మానినవాడే ఈ పనికి తగునని కూడ మేము చెప్పజాలము. బాయ్‌సన్‌గారికి 1930లోను, 1935లోను జబ్బు తిరుగబెట్టెను. ఆ దినములలో ఆయన మరల రోగియే. తగ్గినపిమ్మట మరల పనిలో ప్రవేశించెను. 1960లో, ఎనుబదియేండ్లు దాటిన వయస్సున, తన జబ్బు కథను మొదటినుండి పుస్తకముగా ప్రకటించి, దాని పేరును 130వ కీర్తన ఆరంభమునుండి తీసికొనెను. 1965లో, తాను అనేక సంవత్సరములు రోగులకు పరిచర్య చేసిన ఎల్జిన్ పట్టణములో మృతినొందెను.